వెనుకఁ బెట్టిన కోరికలు



మన విశాఖపట్టణపు రేవునకు వచ్చు ఓడలన్నియు వచ్చినవి వచ్చినట్లే లోనికిఁ బోఁజాలవు. బయట సముద్రములో లంగరు వైచి, లోపల తావు దొరకువఱకుఁ గొన్ని దినములు నిలిచియుండును. కైలాసగిరి మీఁదినుండి చూచినవారికి అవి నీటిమీఁదఁ గట్టిన యిండ్లవలెఁ గానవచ్చును. నిలిచియుండుటయు నోడకు వెచ్చమే. ఆగిన దినములకుఁ గూడ లెక్క కట్టి యెవరో యొకరు చెల్లింపవలసినదే. మనుష్యుని మనస్సులోఁ గొన్ని కోరికలు నిట్లే యేండ్ల తరబడి లంగరు వైచుకొని యుండును. వాని వెచ్చము నెవ్వరును లెక్క వ్రాయరు.

చిరకాలము మనస్సులో నుంచుకొని, రేపు మాపని వెనుకఁ బెట్టుచు వచ్చిన యట్టి కోరికలను గూర్చియే నేఁడు ముచ్చటింపఁ బూనితిని. అవి యేల వెనుకఁబడును, పెద్దవయస్సున వానిని ముందునకుఁ దెచ్చుకొనుట కెంతవఱకు వీలు గలదు, ఒక్కని చేతఁ గానప్పుడు వాని గతి యేమి యను సంగతులను నాకుఁ దెలిసినంత చెప్పెదను. నేను ముప్పదియేండ్లకుఁ బైగా బడిలోఁ జదువు చెప్పి విరమించినవాఁడను. కొంత సాగఁదీసి చెప్పు నలవాటు గలదు, ఓర్చుకొందురుగాక.

పల్లెలలోఁ బెద్దలు కూర్చున్న రచ్చబండ కడకుఁ బోయి వినుఁడు. "పిల్లదాని పెండ్లి కానిమ్ము, ఆ పిమ్మటఁ జూతము" అని యొకరు. "మిద్దె కప్పు పడనిమ్ము" అని యొకరు. "పెద్దవానికి స్టీలుప్లాంటులోఁ బని దొరకనిమ్ము" అని మఱియొకరు. పెండ్లియగును, కప్పు పడును, పనియు దొరకును. అంతలో మనుమఁడు పుట్టును, వాని బాలారిష్టములు, వాని బడి. అడ్డమని చెప్పిన పని తీఱిన పిమ్మట దాని స్థానమున మఱియొకటి వచ్చి కూర్చుండును. ఇవి యన్నియు నిజమైన పనులే. వీనిని సాకులని పరిహసించుట నాకుఁ దగదు. ఇంటి బరువు మోసినవానికే దాని సంగతి తెలియును. అయినను ఒక్క సంగతి గమనింపుఁడు: ఇంటివారందఱి కోరికలకును వరుసలో నొక స్థానము దొరకును, ఇంటి పెద్ద కోరిక మాత్రము ఎప్పుడును వరుస చివరనే నిలుచును. దానిని అచ్చట నిలిపినవాఁడు తానే.

ఇచట నొక యాక్షేపణము రావచ్చును. కోరికలను జంపుకొమ్మని గదా మన పెద్దలు చెప్పినారు, ముసలితనమున వానిని మేల్కొల్పుమనుట ధర్మమా యని. ధర్మమో కాదో తెలిసికొనుటకు యయాతి కథ చాలును. శుక్రుని శాపమువలన ముదిమి పైఁబడఁగా, యయాతి తన చిన్నకుమారుఁడైన పూరునికి దానిని ఇచ్చి, వాని యౌవనమును పుచ్చుకొని, వేయి సంవత్సరములు భోగము లనుభవించెను. తుదకుఁ దృప్తి లేదని తెలిసికొని యౌవనమును కుమారునికే మరలఁ జెల్లించి యడవికిఁ బోయెను. ఆ కథలో నిందింపఁబడినది తీఱినకొలఁదిఁ బెరుగు కోరిక. కాని తీఱిన వెంటనే యడఁగిపోవు కోరికలు వేఱొక జాతివి. కాశికిఁ బోయి గంగలో మునిఁగి వచ్చినవాఁడు మరునాఁడే మరలఁ గాశి కావలెనని యేడ్వఁడు. తమ్మునితోఁ బదియేండ్లుగా మాటలు లేనివాఁడు, ఒకనాఁడు వాని గుమ్మ మెక్కి పలుకరించి వచ్చినచో, ఆ బాధ యంతటితోఁ దీఱును. చదువురానివాఁడు చదువుట, తాను పుట్టిన యూరు చూచుట, తాత ముత్తాతల పేర్లు వ్రాసి పెట్టుట, ఎండిన నూయి బాగుచేయించుట, ఇవి యన్నియు నీ జాతిలోనివి. నేను చెప్పునది వీనిని గూర్చియే.

కాలము సంగతి మొదట లెక్క చూతము. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన 1947వ సంవత్సరప్రాంతమునఁ బుట్టిన బిడ్డకు సగటు ఆయుర్దాయము 32 ఏండ్ల చొప్పున నుండెను. పసిబిడ్డల చావులు మిక్కుటమగుటచే సగటు అంత తక్కువయైనది. నేఁడది 70 ఏండ్లను సమీపించియో దాఁటియో యున్నది. మనకుఁ గావలసిన లెక్క మఱియొకటి. నేఁడు అఱువదియేండ్లు నిండినవానికి, సగటున ఇంకను పదునేడు పదునెనిమిదేండ్ల జీవితము కలదని జనసంఖ్యాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇది చిన్న కాలము కాదు; మా బడిలోఁ బిల్లవాఁడు అక్షరాభ్యాసము చేసి పట్టభద్రుఁడగుట కంతకంటెఁ దక్కువయే పట్టును. అయితే ఆ పదునెనిమిదేండ్లును ఒక్కతీరుగా నుండవు. కాళ్ళు కండ్లు మాట వినునవి వానిలో మొదటి పదియేండ్లు. దూరప్రయాణమో, మెట్లెక్కుటయో కావలసిన కోరికను కడపటి యెనిమిదేండ్లకు వాయిదా వేసినవాఁడు, లేని డబ్బునకుఁ జీటి వ్రాసినవానితో సమానము.

రాష్ట్రప్రభుత్వపు టుద్యోగులకు విరమణవయస్సు 2014లో 58 నుండి 60కిని, 2022లో 62కిని పెంచఁబడినది. "విరమించినపిమ్మటఁ జూచుకొందు" నని నిశ్చయించుకొన్నవారికి ఆ పిమ్మట యనునది నాలుగేండ్లు దూరముగా జరిగినది. జీతము వచ్చినదని వారు సంతోషించిరి. ఆ సంతోషమును నేను తప్పు పట్టను.

కాశియాత్రనే తీసికొందము. ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అనఁగా దుబాసీ. ఆయన 1830 మే 18వ తేదీన బయలుదేఱి, కాశి చూచి, తిరుగుదలలో జగన్నాథము మీఁదుగా మన తీరమునఁ బడి, 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరుకొనెను. పదునైదు నెలలకుఁ బైబడిన ప్రయాణము. పల్లకీలు, బోయీలు, డేరాలు, వెంట నూఱుమంది. దారిలోఁ జూచినదంతయు దినదినమును వ్రాసి పెట్టెను. ఆయన పెద్ద యుద్యోగములో నుండఁగనే సెలవు పుచ్చుకొని పోయెనని మనము గుర్తింపవలెను. ఆయన 1836లో గతించెను. తిరిగివచ్చిన యైదేండ్లకే ఆయువు తీఱినది. ఇప్పుడు విశాఖపట్టణమున రైలెక్కినవాఁడు రెండవనాఁడో మూఁడవనాఁడో కాశిలో దిగును. అయినను మన యూళ్ళలోఁ గాశి చూడక పోయినవారే యెక్కువ.

"పుష్కరములకుఁ బోదము" అనుటయుఁ గలదు. బృహస్పతి యొక్కొక్క రాశిలో సుమారొక సంవత్సర ముండును గావున ఒక్కొక్క నదికిఁ బుష్కరము పండ్రెండేండ్ల కొకసారి వచ్చును. గంగాపుష్కరములు 2011లో వచ్చినవి, 2023 ఏప్రిలులో వచ్చినవి, మరల 2035లో. నిండు డెబ్బదియేండ్లవాఁడు "ఈ సారి యెండలు మెండుగా నున్నవి, మఱుసటి పుష్కరమునకుఁ జూతము" అన్నాఁడన్న, ఆ మాటకర్థము ఎనుబదిరెండవయేఁట నని. ఆ లెక్క నోటితో ననుకొనువారు తక్కువ.

మా తండ్రిగారు మాటాడుటలోఁ గడు మితము. ఆయన 1987లోఁ గాలము చేసిన పిమ్మట, ఆయన పెట్టెలోని ప్రాఁతపంచాంగములను నేను సర్దుచుంటిని. ఒక పంచాంగములో మాఘమాసపు పుటయందొక తిథికి సిరాతో సన్నని గీటు కనఁబడెను. మఱుసటియేఁటి దానిలోను అట్టి గీటే యుండెను. అట్లు పదునొకండు పంచాంగములలో మాఘముననో ఫాల్గునముననో ఒక్కొక్క దినము గుర్తింపఁబడియున్నది. మంగళ బుధవారములు రాకుండఁ జూచి పెట్టినవి. ఆ వారములలో నుత్తరదిక్కునకు శూల గదా. నా కర్థమయినది. మా తల్లిగారి నడిగితిని. "మీ నాన్నగారికిఁ గాశి చూడవలెనని యుండెను. పిల్లవానికిఁ జెప్పకుము, అప్పు చేసియైనను బంపునని నాతో ననెడివారు" అని యామె బదులు చెప్పెను. పదునొకండు సంవత్సరములు దినము నిర్ణయించుకొని, పదునొకండుసార్లు దానిని దాఁటనిచ్చిన మనుష్యునితో నేను ఒకే యింటిలో నుంటిని. ఆ పంచాంగములు నా కడ నున్నవి.

దుఃఖకథలే చెప్పి మిమ్ముఁ గూర్చుండఁబెట్టుట నా యుద్దేశము కాదు. కోరికను దాఁచుకొనక, ముదిమికి లోఁబడక, తుదిముట్టఁ జేసిన మహనీయుఁ డొకఁడు మన ప్రాంతముననే యుండెను. ఆయన గిడుగు వేంకటరామమూర్తిగారు. ఆయన పేరు చెప్పఁగనే వ్యావహారికభాషోద్యమము స్ఫురించును. నేను చిన్నయసూరి వ్యాకరణము వల్లెవేసి పెరిగినవాఁడను. రామమూర్తిగారి వాదము మా గురువులకు సరిపడలేదు, నాకును బూర్తిగా సరిపడలేదు. ఈ నా ప్రసంగపు భాషయే దానికి సాక్ష్యము. ఆయన వినియున్నచో నవ్వి, నాలుగు తప్పులు పట్టియుందురు. ఆ వివాద మటుండనిండు. నేను చెప్పఁబోవునది సవరభాష సంగతి.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు సమీపమున, వంశధారాతీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రిగారు మన విశాఖపట్టణప్రాంతపు చోడవరమున నుద్యోగము చేయుచు 1875లోఁ గాలధర్మము నొందిరి. కుఱ్ఱవాఁడు విజయనగరమునఁ జదువుకొని, 1879లో మెట్రిక్యులేషను నెగ్గెను. గురజాడ అప్పారావుగా రాయన సహపాఠి. 1880లోఁ బర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నుపాధ్యాయుఁడయ్యెను. ముఖలింగేశ్వరాలయపు శాసనములను జదువవలెనని పుట్టి, ఎవరును నేర్పువారు లేకయే ప్రాచీనలిపులను స్వయముగా నేర్చుకొన్నాఁడు. పిమ్మట ఆయన దృష్టి సవరలమీఁదఁ బడెను. సవరలు పర్లాకిమిడి చుట్టును గల కొండలలో వసించువారు. సంతలకు దిగివచ్చి, తమ భాష తెలియని వర్తకులచేతను అధికారులచేతను మోసపోవుచుండెడివారు. వారి భాషకు లిపి లేదు, పుస్తకము లేదు. దానిని నేర్చి, వారి బిడ్డలకు వారి మాటలలోనే చదువు చెప్పవలెనని రామమూర్తిగారికిఁ గోరిక గలిగినది.

ఆ కోరిక యెంతటిదో చూడుఁడు. నేర్పు గురువు లేఁడు; నిఘంటువు లేదు. ఆ భాష తెలిసిన యొకనిని తమ యింటనే యుంచుకొని, మాట వెంట మాట యడిగి వ్రాసికొనిరి. ఆ దినములలో నది లోకము మెచ్చు పని కాదు. సెలవులలోఁ గొండలెక్కి సవర గూడెములలోఁ దిరిగిరి. అచ్చటి మన్యపుజ్వరము పట్టుకొనెను. దానికి వాడిన క్వినైను మందువలన వినికిడి చెడినది. భాషాశాస్త్రమున ధ్వనులను పట్టుకొనుటకు చెవియే గదా పనిముట్టు. సవరభాషలో ఊపిరిని గొంతున నొక్కి పట్టి విడుచు ధ్వనులు గలవు. వానిని చెవిటివాఁడు గుర్తించుట యెంత కష్టమో యూహింపుఁడు. అట్టి పనిముట్టు మొద్దువోయిన పిమ్మటఁ గూడ ఆయన పని మానలేదు. కుమారుఁడు సీతాపతిగారు తోడుపడిరి. తమ సొమ్ము వెచ్చించి సవరలకు బడులు పెట్టి, ఆ భాషలో వాచకములను, కథలను, పాటలను వ్రాసిరి.

ఆయన 1911లో నుద్యోగము విరమించిరి. అప్పటికి వయస్సు 48. తెలుగుదేశమంతట ఆయన పేరు మాఱుమ్రోఁగినది ఆ పిమ్మటనే. భాషావివాదములో నూరూరఁ దిరుగుచు, ఉపన్యాసము లిచ్చుచు, పండితులతో వాదించుచు నుండియు, సవరభాషాగ్రంథములను మూలఁ బెట్టలేదు. సవరభాషావ్యాకరణము ఇంగ్లీషున 1931లో మద్రాసు ప్రభుత్వముచేఁ బ్రకటింపఁబడెను. అప్పటి కాయనకు 68 ఏండ్లు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడెను, అప్పటికి 75. రమారమి ముప్పదియైదేండ్లకు మించిన పరిశ్రమ. ఆ 1938లోనే మన వాల్తేరులోని ఆంధ్రవిశ్వవిద్యాలయము ఆయనకుఁ గళాప్రపూర్ణ బిరుద మిచ్చి గౌరవించినది. నడుమ 1936లో మఱియొక పిడుగు పడినది. ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి యందుఁ జేరఁగా, అర్ధశతాబ్దికి మించి నివసించిన యూరిని విడిచి ఆయన రాజమహేంద్రవరము చేరిరి. డెబ్బదిమూఁడేండ్ల వయస్సున నిల్లు మార్చుట యెట్టిదో, మీలోఁ గొడుకుల వెంటఁ బట్టణము చేరినవా రెఱుఁగుదురు. ఆయన 1940 జనవరి 22వ తేదీన పరమపదించిరి. నిఘంటువు అచ్చయి చేతికి వచ్చిన పిమ్మట రెండేండ్లలోపలనే! ముందు వివాదము తీఱనిమ్ము, పిమ్మట సవరసంగతి చూతమని పదియేండ్లు పక్కకుఁ బెట్టియుండినచో ఆ పుస్తకము మనకు లేదు. ఆ వివాదము వారి జీవితమునఁ దీఱనే లేదు.

విజయనగరపు ఆదిభట్ల నారాయణదాసుగారును ఇట్టివారే. హరికథలతో లోకమును మెప్పించి చాలదనుకొనక, పారసీభాష నేర్చి, ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెనుఁగునకును దెచ్చి 1932లోఁ బ్రకటించిరి. ఆయన 1864లోఁ బుట్టినవారు. వయస్సు మీరే లెక్కవేసికొనుఁడు.

ఇంతకును తీఱని కోరిక యేల యంతగా నొప్పించును? అమెరికాలోఁ గార్నెల్ విశ్వవిద్యాలయమునకుఁ జెందిన గిలోవిచ్, మెడ్వెక్ అను నిద్దఱు పరిశోధకులు పశ్చాత్తాపమును గూర్చి పరిశీలించి 1994లో నొక సంగతిని బయటఁ బెట్టిరి. నిన్న మొన్నటి దినములను దలఁచుకొన్నప్పుడు మనుష్యుఁడు చేసిన తప్పులకు వగచును. జీవితమంతయుఁ గలయఁజూచినప్పుడు మాత్రము చేయక విడిచిన పనులకే యెక్కువగా వగచును. దీనికిఁ గారణ మూహింపఁదగినదే. చేసిన తప్పునకుఁ గ్షమాపణ కలదు, దిద్దుబాటు కలదు, "ఆ దెబ్బతో బుద్ధి వచ్చినది" అను సమాధానమైనఁ గలదు. చేయని పనికి ఫల మెట్లుండునో తెలియదు గావున మనస్సు దానికి మేలైన ఫలములనే కల్పించుకొనుచుండును. అదిగాక, నాఁడు మనల నాపిన భయము ఏండ్లు గడచినకొలఁదిఁ జిన్నదిగాఁ గనఁబడును. "ఆ మాత్రమునకు వెఱచితినా" యని ముసలితనమునఁ దోఁచును. నాఁడు వెఱచుటకుఁ దగిన కారణమే యుండియుండవచ్చును. అది మాత్రము జ్ఞాపకముండదు.

పెద్దవయస్సున బుద్ధి పనిచేయదను భయమొకటి. ఇది సగమే నిజము. అమెరికాలోని సియాటిల్ పట్టణమున షై అను పండితుఁడు 1956లోఁ బ్రారంభించి, ఒకే మనుష్యులను ఏడేసి యేండ్లకొకసారి పరీక్షించుచు వచ్చెను. తేలిన దేమనఁగా, త్వరితముగాఁ జేయు శక్తి ముందుగాఁ దగ్గును. మాటలసంపద, అర్థము చేసికొను నేర్పు అఱువదులలోఁ గూడఁ జాలవఱకు నిలిచియుండును. అఱువదినాలుగేండ్లు దాఁటినవారి కైదు గంటల యభ్యాసము చేయింపఁగా వారిలో సుమారు మూఁట రెండువంతులమంది మెఱుఁగుపడిరి. నా యనుభవములోఁ గూడ బాలుఁడు పది నిమిషములలో నేర్చుకొని సాయంకాలమునకు మఱచునది, పెద్దవాఁడు గంటలో నేర్చుకొని నిలుపుకొనును.

ఇఁక శరీరము. కంటిశుక్లమును తీసివైచి లోపలఁ గృత్రిమమైన కటకము నమర్చు శస్త్రచికిత్స నేఁడు స్వల్పకాలములో ముగియును. సాధారణముగా నానాఁడే యింటికిఁ బంపుదురు. "అక్షరములు కనఁబడుటలేదు, ఇఁక చదువేమిటి" అనువారు మొదట కంటివైద్యునికడకుఁ బోవలెను. ధనము సంగతి చెప్పుట కష్టము. రైలుఛార్జీలలో వృద్ధులకుండిన తగ్గింపు 2020 మార్చిలో నిలిపివేయఁబడినది. నెలకింతయని వేఱుగాఁ దీసిపెట్టి, ఆ సొమ్ము దేనికో యింటివారికిఁ దెలియఁజెప్పినచో, దానిని మఱియొక యవసరమునకుఁ గదలింపరు. పేరు లేని సొమ్ము మాత్రము ఇంటిలో నిలువదు.

వీని యన్నిఁటికంటెను బలమైన యడ్డు సిగ్గు. "ఈ వయస్సున నిదేమి బుద్ధి" యని నలుగురు నవ్వుదురేమో యను శంక. కేరళదేశమున అలప్పుజ జిల్లాలోఁ గార్త్యాయని యమ్మ యను వృద్ధురాలు 2018లో, తన 96వ యేఁట, అక్షరాస్యతాపరీక్షకుఁ గూర్చుండి నూటికిఁ దొంబదియెనిమిది మార్కులు తెచ్చుకొన్నది. 2020లో ఆమెకు నారీశక్తిపురస్కార మిచ్చిరి. 2023లో నామె గతించినది. నవ్వినవా రెవ్వరో నేఁడెవ్వరి కెఱుక? మన విశాఖపట్టణముననే ఆచార్య చిలుకూరి శాంతమ్మగారు కలరు. 1929లోఁ బుట్టి, ఆంధ్రవిశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించి 1989లో విరమించినవారు. మోకాళ్ళకు శస్త్రచికిత్స జరిగి చేతికఱ్ఱల యూఁతతో నడచుచు, 93 ఏండ్ల వయస్సున విజయనగరములోని సెంచూరియన్ విశ్వవిద్యాలయమునకుఁ బోయి పాఠములు చెప్పుచున్నారని 2022లోఁ బత్రికలు ప్రకటించినవి. నేను విరమించినవాఁడనని మొదటఁ జెప్పుకొంటిని. ఆమె ముందు నా విరమణము పసిపిల్లవాని సెలవువంటిది.

ఒక్క మనుష్యుని చేతఁ గాని కోరికలును గలవు. సగరపుత్రుల బూడిదమీఁద గంగ పాఱవలెనని అంశుమంతుఁడు కోరి తపించి పోయెను, దిలీపుఁడు కోరి పోయెను. భగీరథుని కాలమున గంగ దిగినది. మన విశాఖపట్టణపు సముద్రతీరమున నట్టి కథలు రెండు జరిగినవి.

మొదటిది ఓడలది. భారతీయుల ధనముతో, భారతీయుల చేతులతో నోడలు నడపవలెను, కట్టవలెను అని వాల్‌చంద్ హీరాచందుగారి కోరిక. 1919 ఏప్రిలులో ఆయన సింధియా కంపెనీవారి 'లాయల్టీ' యను నోడ బొంబాయినుండి లండనునకు బయలుదేఱెను. అది కొన్న యోడ, కట్టినది కాదు. కట్టుటకు విశాఖపట్టణమున 1941 జూను 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు పునాదిఱాయి వైచిరి. మఱుసటియేఁడు ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు మన పట్టణముపై బాంబులు వైచెను, పని చెదరినది. తుదకు 1948 మార్చి 14వ తేదీన ఇచటఁ గట్టిన 'జలఉష'ను నెహ్రూగారు నీటిలోనికి వదలిరి. వాల్‌చందుగారికి 65 ఏండ్లు. మఱుసటియేఁడే ఆయనకుఁ బక్షవాతము సోఁకెను, 1953లో మరణించెను. ఒక్క సంవత్సర మాలస్యమైయుండినను, ఆయన కా దృశ్య మెట్లు దక్కియుండునో చెప్పలేము.

రెండవది ఉక్కు. 1966లో విశాఖ ఉక్కు కొఱకు అమృతరావుగారు నిరాహారదీక్ష పూనిరి; ఆ యేఁటి యాందోళనములోఁ దుపాకిగుండ్లకు ముప్పదిరెండుమంది బలియైరి. 1970 ఏప్రిలు 17వ తేదీన ఇందిరాగాంధిగారు పార్లమెంటులోఁ గర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20వ తేదీన పునాది పడినది. 1992 ఆగస్టు 1వ తేదీన పి.వి. నరసింహారావుగారు దానిని జాతి కంకితము చేసిరి. ఇరువదియాఱేండ్లు! తొలుత గొంతెత్తినవారిలో నెందఱు కొలిమి వెలుఁగు చూచిరి? ఆ కర్మాగారమునకై యిల్లు వాకిలి విడిచిన గ్రామముల వారి కోరిక వేఱు. తమ గ్రామదేవత గుడి యున్న తావున నొకసారి దీపము పెట్టవలెనని చెప్పిన ముదుసలి నొకరిని నేను గాజువాకలో నెఱుఁగుదును. ఆమె తన కోరికను మనుమనికిఁ జెప్పినది. మనుమఁ డచ్చటనే పనిచేయువాఁడు. ఆ తావు కడకుఁ బోవుట సాధ్యము కాలేదు. కాని పునరావాసకాలనీలో నా దేవతకు వేపచెట్టుక్రింద నొక చిన్న గద్దె కట్టించినాఁడు. ఆమె యక్కడనే దీపము పెట్టినది. కోరినది సంపూర్ణముగాఁ దీఱలేదు. చెప్పుటచేత నీ మాత్రమైనఁ దీఱినది. చెప్పని కోరికను భగీరథుఁడు పుట్టియు నేమి చేయఁగలఁడు? పంచాంగములోని గీటు నెవఁడు చదువును?

ఇంకొక్కని సంగతి చెప్పి ముగించెదను. అనకాపల్లికి సమీపమున నొక గ్రామములో నాకుఁ బరిచితుఁడైన రైతు కలఁడు. ఆయనకు డెబ్బదియొకటవ యేఁడు. బెల్లము వండుటలో నేర్పరి. ఆయనకు భాగవతము తానే చదువుకొనవలెనని చిన్ననాఁటినుండి కోరిక. పురాణము చెప్పువారు వచ్చినప్పుడు విని, వారు పోయినపిమ్మటఁ బుస్తకము తెఱచి చూచి, అక్షరములు కూడక మూసివైచెడివాఁడు. రెండేండ్లక్రిందట కన్నులకుఁ జికిత్స చేయించుకొని, ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలికడ గుణింతము మొదలుపెట్టినాఁడు. బెల్లపుఁబొయ్యికడఁ గూర్చుండి పలకమీఁద దిద్దుచుండఁగాఁ దోడివారు కొన్నాళ్ళు నవ్విరి. ఇప్పుడు వారే సాయంకాలము వినుటకు వచ్చుచున్నారు. మొన్న నేను పోయినప్పుడు అష్టమస్కంధములో గజేంద్రుని కథ ముగించి వామనచరిత్రమునఁ బడినాఁడు. ద్విత్వాక్షరములు వచ్చినను సంయుక్తాక్షరములకడఁ దడఁబడుచున్నాఁడు. పిల్లకుఁ బరీక్షలు వచ్చినందున నీ నెల పాఠము లేదఁట. "అంతదాఁక నాగుదునా, పంతులుగారూ" అని, వ్రేలు పెట్టి కూడఁబలుకుకొనుచుఁ దానే చదువుచున్నాఁడు.